అలంకరణ గడ్డి: మొదలు చూసి కొనాలి, మొదలు చూసి పెంచాలి

సాయంత్రం ఐదున్నరకి మా పెరట్లో పడమటి ఎండ ఏటవాలుగా పడుతుంది. అక్కడ ఊదారంగు ఫౌంటెన్ గడ్డి దుబ్బు ఒకటి ఉంది. కంకులు నక్కతోకల్లా వంగి ఉంటాయి, ఎండ వెనక నుంచి తగిలితే ఒక్కో నూగూ విడివిడిగా మెరుస్తుంది. గాలి కాస్త కదిలితే దుబ్బంతా ఒకేసారి ఊగుతుంది. మందారం, గులాబీ ఎంత బాగున్నా నిలబడి ఉండే మొక్కలు. తోటకి కదలిక తెచ్చేది గడ్డే.

మొదటిసారి ఈ మొక్క తెచ్చినప్పుడు మా అత్తయ్య, "పొలంలో గడ్డి పీకడానికి కూలీలు దొరకట్లేదు, నువ్వు డబ్బులు పోసి గడ్డి కొనుక్కొచ్చావా?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. మనకి గడ్డి అంటే గరిక, తుంగ, ఊద. పీకి పారేసేవి, లేకపోతే గొడ్డుకి వేసేవి. మూడేళ్ళ తర్వాత ఆవిడే ఆ దుబ్బులోంచి రెండు పిలకలు తీయించుకుని తెనాలి పట్టుకెళ్ళారు.

ఈ మూడేళ్ళలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. గడ్డి మొక్క ప్రాణమంతా దాని మొదట్లో ఉంటుంది. మందారం కొమ్మ చివర చిగురు వేస్తుంది, కొన తుంచితే ఆ కొమ్మ ఎదుగుదల ఆగి పక్క చిగుళ్ళు వస్తాయి. గడ్డి ఆకు అలా కాదు, మట్టికి ఆనుకుని ఉన్న మొదట్లోంచి పైకి తోసుకుంటూ వస్తుంది. ఆవు పైన మేసేసినా మళ్ళీ లేవడానికి కారణం అదే. అందుకే కొనేటప్పుడు చూడాల్సింది మొదలు, నాటేటప్పుడు జాగ్రత్త పడాల్సింది మొదలు, కోసేటప్పుడు, విడదీసేటప్పుడు, తెగులు వచ్చినప్పుడు చెయ్యి పెట్టాల్సింది కూడా అక్కడే. కంకి చూసి మోజుపడి కొన్నవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు.

మొదటి అడుగు: చోటు చూసుకోవడం

మొక్క కొనకముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. గడ్డి పెట్టాలనుకున్న చోటుని ఉదయం 8 గంటలకి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఫోన్‌తో ఫొటో తీయండి. మూడు ఫొటోల్లో రెండింట్లో ఎండ నేరుగా పడుతుంటే అది ఎండ చోటు. ఒక్కదాంట్లోనే పడితే సగం నీడ. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, ఇంటికి ఉత్తరం వైపు నీడ పొడుగ్గా పడుతుంది. మే నెలలో నడినెత్తికి వస్తాడు, అదే చోట ఎండ మాడ్చేస్తుంది. చలికాలంలో చూసి "ఇది నీడ" అని తేల్చేయకండి.

తర్వాత నీరు ఇంకుతుందో లేదో చూడాలి. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు తెల్లారేదాకా నిలిచి ఉంటే అక్కడ నేలలో నేరుగా నాటకూడదు. మా ఇల్లు విజయవాడ శివారులో, మట్టి నల్లరేగడి. వానాకాలంలో బంకలా ముద్దవుతుంది, వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. ఇలాంటి నేలలో బుట్టెడు ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది చెబుతారు. సరిపోదు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిసి ఇంకా గట్టిపడుతుంది. అరడుగు ఎత్తున మడి లేపి, బాగా మాగిన పశువుల ఎరువు కలపడమే మేలు. తెలంగాణ ఎర్ర చెలకల్లో ఈ బాధ లేదు, నీరు ఇట్టే ఇంకుతుంది. అక్కడ పడాల్సిన పాటు తేమ నిలపడానికే.

డాబా మీద పెంచేవాళ్ళు గాలి కూడా చూసుకోవాలి. మా చెల్లి వాళ్ళది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు. పొడుగు గడ్డిని చిన్న కుండీలో పెడితే జూన్ గాలికి కుండీతో సహా పడిపోయింది.

రెండో అడుగు: దుబ్బు కట్టేదా, పాకేదా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలుసుకోకుండా ఏ గడ్డినీ నేలలో పెట్టకండి. కొన్ని గడ్డులు ఉన్నచోటే పిలకలు వేసుకుంటూ ఏటేటా లావెక్కుతాయి. ఫౌంటెన్ గడ్డి, నిమ్మగడ్డి, వట్టివేళ్ళ గడ్డి ఆ రకం. కొన్ని నేల కింద అడ్డంగా సాగే కాండాలతో పాకుతాయి, ఇక్కడ నాటితే మూడు గజాల అవతల తేలతాయి. దర్భ, రెల్లు ఆ రకం.

శరత్కాలంలో గోదావరి లంకల్లో రెల్లు పూసినప్పుడు చూసినవాళ్ళకి దాన్ని ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. ఆ తెలుపు అలాంటిది. ఏటి ఒడ్డున ఇసుక కోసుకుపోకుండా పట్టి ఉంచేది ఆ పాకే గుణమే, ఇంటి మడిని మింగేసేదీ అదే. నేను రెల్లు తేలేదు కానీ దర్భ తెచ్చాను. రోడ్డు పక్కన వెండి కుచ్చుల్లా పూసి ఉంటే ఒక పెళ్ళ తవ్వి తెచ్చి మల్లెపొద పక్కన నాటాను. మరుసటి వానాకాలానికి మల్లెపొద మధ్యలోంచి సూదుల్లా లేచింది. పీకితే పైన తెగుతుంది, లోపల మిగిలిన వేలెడు ముక్క మళ్ళీ మొలుస్తుంది. చివరికి మల్లె మొక్కని మొత్తం తవ్వి తీసి, వేళ్ళు కడిగి, అందులో చిక్కుకున్న తెల్లటి దర్భ కాండాల్ని ఒక్కొక్కటీ ఏరాల్సి వచ్చింది. రెండు వానాకాలాలు పట్టింది.

పాకే రకాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. నర్సరీలో మొక్క కవరుని పైకెత్తి అడుగున చూడండి. నీళ్ళు పోయే చిల్లుల్లోంచి సన్నటి వేళ్ళు కనిపిస్తే పర్వాలేదు. లావుగా, తెల్లగా, మొన తేలి సూదిలా ఉన్న మొలకలు బయటికి పొడుచుకొస్తుంటే అది పాకే గడ్డి. అంతగా నచ్చితే కుండీలో పెంచుకోండి, ఆ కుండీని మట్టి మీద కాకుండా గచ్చు మీద పెట్టండి.

మూడో అడుగు: ఏది ఎక్కడ

ఇంటర్నెట్లో అందమైన గడ్డి తోటల ఫొటోలు ఎక్కువగా చలి దేశాలవి. వాటిని చూసి ఆశపడేముందు ఒక్క తేడా తెలుసుకోవాలి. గోధుమ చలికాలపు పంట, జొన్న ఎండకి తట్టుకునే పంట. రెండూ గడ్డి జాతే. అలంకరణ గడ్డుల్లోనూ ఇలా రెండు రకాలున్నాయి. నీలంగా బంతిలా కనిపించే బ్లూ ఫెస్క్యూ గోధుమ రకం, మన మే నెలలో బతికి బట్టకట్టదు. ఫౌంటెన్ గడ్డి, నిమ్మగడ్డి, వట్టివేళ్ళు మాత్రం జొన్న, చెరకు రకం. మనకి కావాల్సినవి ఇవే.

నిండు ఎండ ఉంటే మొదటి ఓటు ఊదా ఫౌంటెన్ గడ్డికే. మూడు, నాలుగు అడుగులు పెరుగుతుంది. రోజుకి ఆరు గంటల ఎండ తగిలితే ఆకు ముదురు ఎరుపు కలిసిన ఊదారంగులో ఉంటుంది. నీడలో పెడితే పచ్చగా మారిపోయి, కాడలు నీరసంగా వాలిపోతాయి. ఇందులోనే పూర్తి ఆకుపచ్చ రకం ఒకటుంది, అది వద్దు. ఊదా రకానికి మొలిచే విత్తనం దాదాపు ఉండదు. ఆకుపచ్చ రకం విత్తనం మాత్రం గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. హవాయిలో, అరిజోనాలో అది తోటలు దాటి కొండల్లోకి పోయింది. ఎండాక కార్చిచ్చులకి వంటచెరకులా మారి అక్కడివాళ్ళకి పెద్ద తలనొప్పయింది.

ఊదా ఫౌంటెన్ పేరుతో ఎర్ర నేపియర్ అమ్మడం కూడా ఉంది. నాకు ఓ రోడ్డు పక్క బండి దగ్గర అలాగే అంటగట్టారు. నేపియర్ పశుగ్రాసం, పాడి రైతుకి బంగారం, కానీ మనిషిని మించి పెరుగుతుంది. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఎర్రగా ఉంటాయి. కాడ పట్టుకుని చూడండి. నేపియర్ కాడ చెరకులా లావుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. ఫౌంటెన్ కాడ సన్నగా, పుల్లలా ఉంటుంది.

నిమ్మగడ్డిని అందరూ టీ కోసమే పెంచుతారు. నిజానికి దాని వంపు ఎంతో అందంగా ఉంటుంది, మూడడుగుల ఫౌంటెన్‌లా విరబోసుకుంటుంది. మెట్ల పక్కన పెడితే వచ్చేపోయేవాళ్ళ బట్టలు తగిలి వాసన లేస్తుంది. ఈ మొక్క ఉంటే దోమలు రావని చెప్పి అమ్ముతారు. మొక్క ఊరికే నిలబడి ఉంటే దోమలు పోవు. వాసన నూనె బయటికి రావాలంటే ఆకు నలగాలి.

గోడ పొడవునా తెరలా కావాలంటే వట్టివేళ్ళ గడ్డి. నిటారుగా నాలుగైదు అడుగులు లేస్తుంది, పాకదు. వేళ్ళు పక్కలకి పోకుండా నిలువునా మూడు మీటర్ల దాకా దిగుతాయి. మట్టి కోతకి గురికాకుండా ఆపడానికి 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు దీన్ని మన దేశం నుంచే మొదలుపెట్టి మిగతా దేశాలకి ప్రచారం చేశారు. అంతకుముందే మన దగ్గర రైతులు పొలం గట్ల మీద దీన్ని హద్దుగా వేసుకునేవారు.

నీళ్ళు నిలిచే మూల, కుళాయి కింద, చిన్న నీటి తొట్టి పక్కన అయితే గొడుగు గడ్డి. నర్సరీలో అంబ్రెల్లా పామ్ అంటారు గానీ అది తాటి జాతి కాదు, తుంగ జాతి. కాడని వేళ్ళ మధ్య దొర్లించి చూస్తే చాలా తుంగ జాతుల్లో మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది. కలుపు తుంగని దుబ్బు మధ్యలోంచి ఏరడానికి కూడా ఈ పరీక్ష పనికొస్తుంది.

నీడ చోటుకి నిజమైన గడ్డి దొరకడం కష్టం. మాండో గ్రాస్, స్పైడర్ ప్లాంట్ పెట్టుకోండి. రెండూ గడ్డిలా కనిపించే వేరే కుటుంబపు మొక్కలు, నీడకి బాగా ఒప్పుకుంటాయి. వెదురు కూడా గడ్డే, కానీ దాని సంగతి వేరే పెద్ద కథ. కొనేముందు పాకే వెదురా, పొద వెదురా అని తప్పకుండా అడగండి.

ఆన్‌లైన్‌లో రంగురంగుల పాంపస్ గడ్డి విత్తనాలు అమ్ముతుంటారు. నీలం, గులాబీ పాంపస్ విత్తనం అనేది లేదు, ఎండిన కంకులకి వేసే రంగు అది. డబ్బు దండగ.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. టెక్సస్, జార్జియా లాంటి చోట్ల గల్ఫ్ ముహ్లీ అనే గడ్డి అక్కడి నేలదే. అక్టోబరు ప్రాంతంలో గులాబీ పొగమంచు కమ్మినట్టు పూస్తుంది. ఊదా ఫౌంటెన్, నిమ్మగడ్డి మంచుకి చచ్చిపోతాయి కాబట్టి కుండీలో పెంచి చలికి లోపల పెట్టుకోండి.

నాలుగో అడుగు: కొనడం

తొలకరి పడి నేల చల్లబడ్డాక, అంటే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా, గడ్డి కొనడానికి నాటడానికి అన్నిటికన్నా మంచి కాలం. అక్టోబరు, నవంబరు కూడా ఫర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి. గోదావరి జిల్లాల వాళ్ళకి కడియం, కడియపులంక నర్సరీలు దగ్గరే, మిగతా ఊళ్ళ నర్సరీలకి కూడా చాలా మొక్కలు అక్కడి నుంచే వస్తాయి. వట్టివేళ్ళు, నిమ్మగడ్డి మంచి రకాల గురించి తెలుసుకోవాలంటే సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది.

మొక్కని ఎంచుకునేటప్పుడు ఎత్తు చూడకండి. పొడుగ్గా మూడు కాడలున్నదానికన్నా పొట్టిగా పది పిలకలున్నది మేలు. ఆకుల్ని రెండు చేతులతో పక్కలకి విడదీసి మధ్యలోకి చూడండి. మొదట్లో తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి, ఆ మొక్క వద్దు. మొదలు మెత్తగా, నల్లగా ఉంటే కుళ్ళు. కవరు నొక్కితే రాయిలా ఉంటే వేళ్ళు చుట్టలు చుట్టుకున్నట్టు. అది తీసుకోవచ్చు గానీ నాటేటప్పుడు ఆ చుట్టని విప్పాలి.

ఐదో అడుగు: నాటడం

సాయంత్రం పూట నాటండి. గంట ముందు కవరులో నీళ్ళు పోసి నాననివ్వండి. గుంట కవరుకి రెండింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం కవరంతే చాలు. లోతెక్కువ తీస్తే తర్వాత మట్టి దిగి, మొదలు మట్టిలో కూరుకుపోతుంది. తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన ఎరువు, రెండు గుప్పెళ్ళ వేపపిండి కలపండి. కవరు కోసి, చుట్టుకున్న వేళ్ళని చేతివేళ్ళతోనే సుతారంగా విప్పి గుంటలో నిలబెట్టండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. కూర్చుని, కళ్ళు నేల మట్టానికి తెచ్చి చూడండి. పిలకలు పుట్టే చోటు నేలకి సరిగ్గా సమానంగా గానీ, వేలెడు మందం పైకి గానీ ఉండాలి. మట్టిలో మునిగితే వానాకాలంలో కుళ్ళుతుంది. మరీ పైకి తేలితే కొత్త వేళ్ళు ఎండలో మాడతాయి. మట్టి అదిమి, నీళ్ళు పోశాక మళ్ళీ ఒకసారి చూసుకోండి, ఎందుకంటే తడికి మట్టి కిందికి దిగుతుంది.

ఫౌంటెన్ గడ్డికి రెండు మొక్కల మధ్య రెండున్నర అడుగులు వదలండి. మొదట్లో బోసిగా కనిపిస్తుంది, ఏడాదికే కమ్ముకుంటుంది. వట్టివేళ్ళని తెరలా కావాలంటే జానెడు దూరంలో వరసగా పెట్టండి.

కుండీలో అయితే ఫౌంటెన్ గడ్డికి 14 అంగుళాలది కావాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు ముతక ఇసుక. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే నీళ్ళు సాఫీగా పోతాయి, డాబా గచ్చు వేడి వేళ్ళకి తగలదు. తడిసిన కుండీ చాలా బరువు, అందుకని డాబా నడిమధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల వెంబడి పెట్టుకోండి.

నీళ్ళు, ఎరువు

కొత్త మొక్కకి మొదటి నెలన్నర వాన పడని రోజున నీళ్ళు కావాలి. ఆ తర్వాత తగ్గించండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. పోసినప్పుడు కొంచెం కొంచెం చిలకరించకుండా లోతుగా ఇంకేలా పోయాలి, అప్పుడే వేళ్ళు కిందికి దిగుతాయి. నేలలో ఏడాది నిండిన వట్టివేళ్ళకి వేసవిలో కూడా వారం పది రోజులకోసారి చాలు. కుండీలకి ఆ వెసులుబాటు లేదు, మే నెలలో రోజూ ఉదయం పోయాలి, వడగాలి రోజుల్లో సాయంత్రం కూడా.

ఎరువు విషయంలో గడ్డికి పిసినారితనమే మందు. శివరాత్రి దాటాక కోసినప్పుడు ఒక గుప్పెడు, తొలకరికి ఒక గుప్పెడు వర్మీకంపోస్టు, అంతే. యూరియా చల్లితే వారంలో నిగనిగలాడుతుంది, ఆపై నెలకి దుబ్బంతా నడుం విరిగినట్టు నాలుగు పక్కలకీ పడిపోతుంది.

కోత

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఫౌంటెన్ గడ్డికి క్షౌరం చేసే కాలం అదే. చలికి ఆకులు ఎండి గడ్డివాములా తయారై ఉంటుంది, కంకులు రాలిపోయి మోడు పుల్లలు మిగులుతాయి. శివరాత్రికీ ఉగాదికీ మధ్య కోసేస్తే ఎండలు ముదిరేలోపు కొత్త ఆకు వచ్చేస్తుంది. ఉగాది దాటితే ఆగండి, తొలకరి దాకా ముట్టుకోవద్దు. బోడి మొదలుకి మే ఎండ నేరుగా తగిలితే మళ్ళీ లేవడం కష్టం.

కోసే పద్ధతి ఇది. నిండు చేతుల చొక్కా, తోలు గ్లౌజులు వేసుకోండి. గడ్డి ఆకు అంచుకి కంటికి కనిపించని గాజు పలుకుల్లాంటి పళ్ళుంటాయి. దుబ్బుని రెండు చేతులతో కౌగిలించి పైకి పోగుచేసి, పురికొసతో రెండు చోట్ల బిగించి కట్టండి, ఒకటి మోకాలి ఎత్తులో, ఒకటి నడుం ఎత్తులో. ఇప్పుడు కట్టు కింద, నేల నుంచి బెత్తెడు ఎత్తు వదిలి, పదునైన కొడవలితో ఒక పక్క నుంచి కోసుకుంటూ రండి. కట్టలా మొత్తం ఒకేసారి చేతిలోకి వస్తుంది, పెరడంతా చెత్త పడదు. మొద్దు కొడవలితో లాగితే పిలకలు వేళ్ళతో సహా ఊడి వస్తాయి, అందుకే ముందు రోజే సాన పెట్టుకోండి. కోశాక మొదళ్ళ మధ్య చెయ్యి పెట్టి ఎండు పొరలన్నీ దులిపేయండి. రెండు వారాల్లో లోపల్నుంచి చిలకముక్కుల్లా ఎర్రటి మొనలు లేస్తాయి.

నిమ్మగడ్డిని నాటిన నాలుగు నెలల తర్వాత నుంచీ రెండు మూడు నెలలకోసారి బెత్తెడు పైన కోసుకోవచ్చు. వట్టివేళ్ళ గడ్డికి జానెడు వదలండి. మాండో గ్రాస్‌ని కోయకండి, ఎండిన ఆకులు తుంచితే చాలు.

ఈ కోత పాముల భయానికి కూడా జవాబే. గడ్డి పెంచితే పాములొస్తాయా అని అందరూ అడుగుతారు. మొదట్లో ఎండుగడ్డి పేరుకుంటే ఎలుకలు దాక్కుంటాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. మొదలు శుభ్రంగా, నేల కనిపించేలా ఉంచండి. పొడుగు గడ్డిని గుమ్మానికీ పిల్లలు ఆడే చోటుకీ రెండు మూడు గజాల దూరంలోనే పెట్టండి.

విడదీయడం

రెండు మూడేళ్ళకి దుబ్బు మధ్య భాగం ఎండిపోయి, చుట్టూ మాత్రం పచ్చగా బట్టతలలా కనిపిస్తుంది. రోగం కాదు. కొత్త పిలకలు ఎప్పుడూ వెలుపలి అంచున పుడతాయి, పాతవి మధ్యలో ముసలివై పోతాయి. విడదీయాల్సిన వేళ వచ్చిందన్నమాట.

మంచి వాన పడ్డ మర్నాడు పెట్టుకోండి. ముందు ఆకుని మూరెడుకి కత్తిరించండి. దుబ్బు చుట్టూ జానెడు దూరంలో గడ్డపారతో గుచ్చుకుంటూ వచ్చి, ఒక పక్క నుంచి ఎత్తండి. మూడేళ్ళ దుబ్బు ఒక్కరికి లేవదు, తోడు కావాలి. గొట్టం నీళ్ళతో మట్టి కడిగేస్తే పిలకలు ఎక్కడ విడతాయో కనిపిస్తుంది, లోపల చేరిన గరిక, తుంగ కూడా అప్పుడే బయటపడతాయి. వాటిని గడ్డతో సహా ఏరేయండి. పాత రంపంతో గానీ కత్తితో గానీ ఐదు నుంచి ఎనిమిది పిలకలు ఒక్కో ముక్కలో వచ్చేలా కోయండి. మధ్యలో కర్రలా ఉన్నది పారేయండి. వేళ్ళు ఎండ చూడకుండా అదే పూట నాటి, వారం రోజులు నీడ కట్టండి.

తేడా కనిపిస్తే

ఆకు కొనలు ఎండుతుంటే చాలామంది నీళ్ళు పెంచేస్తారు. ముందు కుండీ అంచు చూడండి. తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే అది బోరు నీళ్ళ పని. నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్ళు పోసి కడగండి, వీలైతే వాన నీళ్ళు పట్టి పోయండి. ఎండిన కొన మళ్ళీ పచ్చబడదు, కొత్త ఆకుని చూసి తేల్చుకోవాలి. ఆకు అడుగున నారింజ రంగు పొడి అంటుకుంటే తుప్పు తెగులు. ఆ ఆకులు కోసి బయట పారేసి, సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు పడకుండా చూడండి. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి ఆకు తొడుగుల లోపలికి దిగేలా చల్లండి, వారం తర్వాత మళ్ళీ. వేసవిలో ఎండు మొదళ్ళకి చెద పడుతుంది. దులిపి ఉంచిన దుబ్బుకి నేనింతవరకు చెద చూడలేదు.

డ్రమ్ములో వట్టివేళ్ళు

చోటు ఒక్క మొక్కకే ఉందంటే నేను ఇదే పెట్టమంటాను. నేలలో వేస్తే వేళ్ళు తవ్వి తీయడం మన వల్ల కాదు, అందుకని 50 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ములో పెంచుతున్నాను. అడుగున ఆరేడు చిల్లులు, సగానికి సగం ఇసుక కలిపిన మట్టి. మూడేసి పిలకల నారు నాలుగు చోట్ల, ఆకు జానెడుకి, వేళ్ళు బెత్తెడుకి కత్తిరించి నాటాను. ఎరువు ఊసెత్తలేదు. ఏడాదిన్నర పాటు అది పచ్చటి తెరలా నిలబడింది, ఆకు రెండుసార్లు కోశాను.

మార్చి మొదట్లో డ్రమ్ముని అడ్డంగా పడేసి, చుట్టూ తట్టి, మట్టిగడ్డని బయటికి లాగాం. ఇసుక ఎక్కువ కాబట్టి గొట్టం పెడితే ఇట్టే కరిగిపోయింది. లోపల లేత గోధుమరంగు వేళ్ళు జడలు జడలుగా, డ్రమ్ము అడుగున గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. కడిగేటప్పుడు మట్టి వాసనే వస్తుంది. రెండు రోజులు నీడన ఆరబెట్టి, ఒక పిడికెడు తీసి మళ్ళీ తడిపినప్పుడు గది నిండా అసలు వాసన లేచింది. చిన్నప్పుడు మా అమ్మ వట్టివేళ్ళ తడికలు కిటికీకి కట్టి మధ్యాహ్నం నీళ్ళు చల్లేది, సరిగ్గా ఆ వాసన.

మంచినీళ్ళ కుండలో వేయాలంటే పిడికెడు వేళ్ళని మూడుసార్లు బాగా కడిగి, పల్చటి నూలుగుడ్డలో మూట కట్టి వేయండి. రోజూ నీళ్ళు మార్చి, మూడో రోజున మూట తీసి ఎండబెట్టండి, వాసన తగ్గేదాకా మళ్ళీ వాడుకోవచ్చు. వేళ్ళు కోసేశాక మిగిలిన పిలకలు మాత్రం ఆ సాయంత్రమే మట్టిలో పడాలి. నా డ్రమ్ముకి డజను పిలకలు చాలు, మిగిలినవి తడి గోనెలో చుట్టి పక్కింటి వాళ్ళకి ఇచ్చేస్తాను.